లినక్స్‌లో స్టోరేజ్ డ్రైవర్ దించే ముందు డిస్కులను పద్ధతిగా ఆపడం: సమగ్ర మార్గదర్శి

స్టోరేజ్ డ్రైవర్‌ని, అంటే డిస్కులతో మాట్లాడే కెర్నల్ ముక్కని, మెమరీలోంచి దించడం ఒక్క కమాండ్ పని. ప్రాంప్ట్ తిరిగొస్తుంది, ఎర్రర్ ఏమీ కనబడదు, అంతా సవ్యంగా అయిందనుకుని ట్రే లాగేస్తారు. కానీ ప్రాంప్ట్ తిరిగొచ్చిందంటే డ్రైవర్ మెమరీలోంచి పోయిందని మాత్రమే అర్థం. డిస్కు తన క్యాష్‌లో ఉన్నదంతా రాసేసిందా, హెడ్లను పక్కకు జరిపిందా, తిరగడం ఆపిందా అన్న సంగతి ఆ కమాండ్ చెప్పదు. పైగా డిస్కుకు ఆఖరి ఆదేశం పంపగలిగేది ఆ డ్రైవరే. అది దిగిపోయాక డిస్కుతో మాట్లాడే దారే ఉండదు. అందుకే ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యం వరస.

ఉదాహరణకు ఒక మామూలు సెటప్ తీసుకుందాం. డిస్కులను సర్వర్‌కి కలిపే ఎల్‌ఎస్‌ఐ శాస్ 9300-8ఐ కార్డు, దాన్ని నడిపే ఎంపీటీ3శాస్ డ్రైవర్, వెనక 8 హార్డ్ డిస్కులు. వాటి మీద ఎండీ రైడ్-6 (డిస్కులను ఒక్కటిగా కలిపే లినక్స్ సాఫ్ట్‌వేర్), దాని మీద ఎల్‌వీఎం (ఆ చోటుని వాల్యూములుగా పంచేది), ఆపైన ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్. డ్రైవర్ కొత్త వెర్షన్ వేయాలి, లేదా కార్డు మార్చాలి. కమాండ్ల పేర్లు ఇక్కడ పలికినట్టే రాశాం, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

డిస్కుకు అందాల్సిన రెండు ఆదేశాలు

మొదటిది ఫ్లష్, అంటే క్యాష్‌లో ఉన్నదంతా రాసేయమనడం. శాస్ డిస్కులు వాడే స్కజీ భాషలో దీని పేరు సింక్రొనైజ్ క్యాష్, ఆప్‌కోడ్ (ఆదేశం నంబరు) హెక్స్ 35. సాటా డిస్కుల భాషలో ఫ్లష్ క్యాష్ ఎక్స్‌టెండెడ్, హెక్స్ ఈఏ. రెండోది ఆపడం. స్కజీలో స్టార్ట్ స్టాప్ యూనిట్, హెక్స్ 1బీ. సాటాలో స్టాండ్‌బై ఇమ్మీడియట్, హెక్స్ ఈ0. శాస్ కార్డు వెనక సాటా డిస్కులు పెట్టినా ఫర్వాలేదు, ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చే పని కార్డు ఫర్మ్‌వేర్ చూసుకుంటుంది.

ఫ్లష్ అందకుండా కరెంటు పోతే డేటా పోతుంది. స్టాప్ అందకపోతే నష్టం వెంటనే కనబడదు. ప్లాటర్లు (డేటా ఉండే పళ్లేలు) తిరుగుతుండగా కరెంటు తెగితే, వాటి ఊపుతో మోటారులో పుట్టే కాస్త కరెంటునే వాడుకుని డిస్కు హెడ్లను హడావుడిగా వెనక్కి లాగుతుంది. దీన్నే ఎమర్జెన్సీ రిట్రాక్ట్ అంటారు. మామూలు లోడ్-అన్‌లోడ్‌లను డిస్కు లక్షల్లో తట్టుకుంటుంది. ఇలాంటి హడావుడి రిట్రాక్ట్‌లకు తయారీదార్లు ఇచ్చే పరిమితి దానికన్నా బాగా తక్కువ. ఎస్‌ఎస్‌డీకి హెడ్లు లేవు కాబట్టి స్టాప్ అక్కర్లేదనుకోవడం పొరపాటు. ఏ డేటా ఏ చిప్‌లో ఉందో చెప్పే మ్యాపింగ్ టేబుల్‌ని అది పూర్తిగా భద్రం చేసుకోవడానికి ఆ ఆదేశం అవకాశమిస్తుంది. డేటా సెంటర్ రకాల్లో కరెంటు పోయినా ఆ పని పూర్తి చేసుకునేందుకు కెపాసిటర్లు ఉంటాయి. ఇంట్లో వాడే చవక రకాల్లో సాధారణంగా ఉండవు.

వరస తప్పితే ఇంకో చిక్కు. ముందు స్టాప్ పంపి తర్వాత ఫ్లష్ పంపితే, ఆగిన డిస్కు ఆ ఫ్లష్ కోసం మళ్లీ తిరగడం మొదలుపెట్టవచ్చు. సరిగ్గా అప్పుడే కరెంటు తీస్తే స్టాప్ పంపిన ఫలితమే లేదు. షట్‌డౌన్ ప్రోగ్రామూ కెర్నలూ రెండూ డిస్కుని ఆపబోయి ఇలాగే ఆపిన డిస్కుని మళ్లీ లేపిన రోజులున్నాయి. డిస్కు సరిగ్గా ఆగకపోవచ్చు, షట్‌డౌన్ యుటిలిటీని అప్‌డేట్ చేయండి అని పెద్దక్షరాల్లో అరిచే కెర్నల్ హెచ్చరిక అప్పటిదే.

కెర్నల్‌లో ఈ రెండు ఆదేశాలూ పంపేది కార్డు డ్రైవర్ కాదు, దానిపైన కూర్చుని స్కజీ డిస్కులన్నిటినీ చూసుకునే ఎస్‌డీ డ్రైవర్. డిస్కుని వ్యవస్థలోంచి తీసేటప్పుడు అది ముందు రైట్ క్యాష్ ఆన్‌లో ఉందేమో చూసి ఫ్లష్ పంపుతుంది. ఆపమని తనకు అనుమతి ఉంటే స్టాప్ కూడా పంపుతుంది. ఆ అనుమతి సంగతే చాలామందికి తెలియదు, దాని గురించి కింద వివరంగా ఉంది.

మొదలుపెట్టే ముందు

ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కి మైనస్ కే తగిలించి ఏ కార్డుని ఏ డ్రైవర్ నడుపుతోందో చూడండి. పక్కనే కార్డు పీసీఐ అడ్రస్ ఉంటుంది, రాసిపెట్టుకోండి. ఒకే డ్రైవర్ మీద రెండు కార్డులున్నాయా? ఉంటే మాడ్యూల్ (అంటే ఆ డ్రైవర్) దించితే రెండూ పోతాయి. రూట్ గానీ బూట్ గానీ ఈ కార్డు వెనకున్న ఏ డిస్కు మీదైనా ఉంటే ఈ పద్ధతి మొత్తం పక్కన పెట్టండి. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి చేసుకోవడం మేలు.

ప్రతి డిస్కు సీరియల్ నంబరూ, అది ఏ స్లాటులో ఉందో ఇప్పుడే రాసుకోండి. వ్యవస్థలోంచి తీసేశాక డిస్కుని అడిగినా చెప్పదు. బ్యాక్‌ప్లేన్ (డిస్కు ట్రేలు గుచ్చుకునే బోర్డు) సహకరిస్తే ఎల్‌ఈడీసీటీఎల్‌తో ఆ స్లాటు దీపం కూడా వెలిగించి పెట్టుకోవచ్చు.

స్మార్ట్‌సీటీఎల్‌తో కౌంటర్లు (డిస్కు తన గురించి తానే ఉంచుకునే లెక్కలు) తీసి ఫైల్లో దాచండి. సాటా హార్డ్ డిస్కుల్లో చూడాల్సింది ఎట్రిబ్యూట్ 192, అంటే పవర్-ఆఫ్ రిట్రాక్ట్ కౌంట్. దానితో పాటు 193 లోడ్ సైకిల్ కౌంట్, 12 పవర్ సైకిల్ కౌంట్. శాస్ డిస్కుల్లో ఈ నంబర్లుండవు, స్టార్ట్-స్టాప్, లోడ్-అన్‌లోడ్ మొత్తాలు వేరుగా కనబడతాయి. ఎన్‌వీఎంఈ (నేరుగా పీసీఐకి తగిలే ఎస్‌ఎస్‌డీ) అయితే అన్‌సేఫ్ షట్‌డౌన్స్ అన్న లెక్క చూడండి. పని సరిగ్గా జరిగిందా లేదా అన్నది చివర్లో ఈ అంకెలే తేలుస్తాయి.

తర్వాత డిస్కులను కనిపెట్టుకుని ఉండే స్మార్ట్‌డీ, యూడిస్క్స్, మానిటరింగ్ ఏజెంట్లు ఆపేయండి. సరిగ్గా ఆపిన డిస్కుని ఉండి ఉండి తట్టి లేపేవి ఇవే. రెండో టెర్మినల్ తెరిచి, కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌ని మైనస్ డబ్ల్యూతో నడుస్తూ ఉంచండి. ఇక అక్కణ్నుంచి దాని మీద ఒక కన్ను ఉండాలి.

పై అంతస్తు నుంచి కిందికి

డేటాబేస్, వర్చువల్ మెషీన్లు, ఎన్‌ఎఫ్‌ఎస్ ఎక్స్‌పోర్టులు ఆపాక సింక్ కొట్టండి. మెమరీ ఎక్కువున్న సర్వర్లో డిస్కుకి ఇంకా చేరని పేజీలు గిగాబైట్ల కొద్దీ ఉండొచ్చు. ప్రాక్ మెమ్‌ఇన్ఫోలో డర్టీ, రైట్‌బ్యాక్ అన్న రెండు అంకెలు దాదాపు సున్నాకి వచ్చేదాకా చూడండి. ఇది చేయకుండా అన్‌మౌంట్ కొడితే అది నిమిషాల తరబడి కదలదు. హ్యాంగ్ అయిందనుకుని రీసెట్ బటన్ నొక్కేవాళ్లు ఉన్నారు.

అన్‌మౌంట్ చేస్తే టార్గెట్ బిజీ అని వస్తే ఫ్యూజర్‌కి మైనస్ వీఎం పెట్టి ఎవరు పట్టుకున్నారో చూడండి. ఫ్యూజర్ ఖాళీగా వచ్చినా బిజీ పోకపోతే పట్టుకున్నది కెర్నలే. అంటే సాధారణంగా స్వాప్ ఫైలు, లూప్ డివైస్, ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్, దాని లోపలే ఉన్న ఇంకో మౌంట్, ఈ నాలుగింట్లో ఒకటి. కంటైనర్ నడుస్తుంటే దాని సొంత మౌంట్ నేమ్‌స్పేస్‌లో పాత మౌంట్ మిగిలిపోయి ఉండొచ్చు. ప్రతి ప్రాసెస్ మౌంట్‌ఇన్ఫోలో ఆ డివైస్ పేరు గ్రెప్ చేస్తే దొరుకుతుంది.

ఇక్కడ విసిగిపోయి అన్‌మౌంట్‌కి మైనస్ ఎల్ పెట్టకండి. ఈ లేజీ అన్‌మౌంట్ ఫోల్డరుని కళ్ల ముందు నుంచి తప్పిస్తుంది తప్ప లోపల ఫైల్‌సిస్టమ్ బతికే ఉంటుంది, రాతలు నడుస్తూనే ఉంటాయి. మౌంట్ జాబితాలో కనబడదు కాబట్టి తర్వాతి మెట్లన్నీ తప్పు నమ్మకంతో ఎక్కుతారు.

తర్వాత వరసగా:

1. స్వాప్ ఉంటే స్వాప్ఆఫ్.
2. లక్స్ ఎన్‌క్రిప్షన్ ఉంటే క్రిప్ట్‌సెటప్ క్లోజ్.
3. వీజీచేంజ్ మైనస్ ఏఎన్, పక్కన వాల్యూమ్ గ్రూపు పేరు.
4. ఎండీఏడీఎం స్టాప్.
5. మల్టీపాత్ (ఒకే డిస్కుకి ఒకటికి మించి దారులు) ఉంటే ఆ మ్యాప్‌ని ఫ్లష్ చేయడం.

జెడ్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్లకు ఇదంతా జెడ్‌పూల్ ఎక్స్‌పోర్ట్ అనే ఒక్క మెట్టు. ఎండీఏడీఎం స్టాప్‌ని మాత్రం ఎవరూ వదిలేయకూడదు. రైడ్ సూపర్‌బ్లాకులో (రైడ్ తన వివరాలు రాసుకునే చోటు) ఇది క్లీన్ అని ముద్ర ఖాయంగా పడేది అప్పుడు. ఆ ముద్ర లేకపోతే ఎక్కించగానే రీసింక్ మొదలవుతుంది. బిట్‌మ్యాప్ లేని పెద్ద రైడ్ అయితే అది గంటల పని.

చివరగా సిస్ బ్లాక్ (స్లాష్ సిస్‌లోని బ్లాక్ డైరెక్టరీ) కింద ఒక్కో డిస్కు ఫోల్డరులోని హోల్డర్స్ డైరెక్టరీ ఖాళీగా ఉందో లేదో చూడండి. ఏదైనా మిగిలి ఉంటే దాని పేరే మీరు మరిచిన మెట్టు ఏదో చెబుతుంది. ఆపిన రైడ్ యూడెవ్ (డివైసుల రాకపోకలు చూసుకునే సేవ) వల్ల మళ్లీ దానంతటదే లేస్తుంటే ఎండీఏడీఎం కాన్ఫిగ్‌లో ఆటో మైనస్ ఆల్ అన్న లైను తాత్కాలికంగా చేర్చండి.

డిస్కు అంతస్తు

సిస్ క్లాస్ కింద స్కజీ డిస్క్ అన్న డైరెక్టరీ ఉంటుంది. అందులో ఒక్కో డిస్కుకీ నాలుగు అంకెల పేరుతో ఒక ఫోల్డరు. దాంట్లో మనకు కావలసినవి రెండు ఫైళ్లు.

మొదటిది క్యాష్ టైప్. అందులో రైట్ బ్యాక్ అనుంటే కెర్నల్ ఫ్లష్ పంపుతుంది. రైట్ త్రూ అనుంటే క్యాష్ లేదనుకుని పంపదు. డిస్కు నిజం చెప్పినంతవరకూ ఇబ్బంది లేదు. చవక యూఎస్‌బీ ఎన్‌క్లోజర్లలో చాలావాటికి క్యాష్ గురించి అడిగితే జవాబివ్వడమే రాదు. అప్పుడు క్యాషింగ్ మోడ్ పేజ్ దొరకలేదు, రైట్ త్రూ అనుకుంటున్నాను అని కెర్నల్ డీమెసేజ్‌లో చెప్పి ఊరుకుంటుంది. లోపలి సాటా డిస్కుకి మాత్రం పదుల మెగాబైట్ల రైట్ క్యాష్ ఉంటుంది. అలాంటి చోట ఆ ఫైల్లో టెంపరరీ రైట్ బ్యాక్ అని రాయండి. టెంపరరీ అన్న మాట వల్ల కెర్నల్ డిస్కు సెట్టింగ్ జోలికి పోకుండా తన లెక్క మాత్రమే మార్చుకుంటుంది.

రెండోది ఇందాక చెప్పిన అనుమతి. పాత కెర్నళ్లలో దీని పేరు మేనేజ్ స్టార్ట్ స్టాప్. కొత్త కెర్నళ్లలో ఇది మూడు ముక్కలైంది: మేనేజ్ సిస్టమ్ స్టార్ట్ స్టాప్, మేనేజ్ రన్‌టైమ్ స్టార్ట్ స్టాప్, మేనేజ్ షట్‌డౌన్. డ్రైవర్ దించేటప్పుడు పనికొచ్చేది వీటిలో మొదటిది. మేనేజ్ షట్‌డౌన్ పేరు చూసి మోసపోకండి, మెషీన్ మొత్తం పవర్ ఆఫ్ అయ్యేటప్పుడే అది పనిచేస్తుంది.

శాస్ కార్డు వెనకున్న డిస్కులకు ఈ అనుమతి మామూలుగా సున్నా. ఒకే షెల్ఫ్‌ని రెండు సర్వర్లు పంచుకునే చోట ఒకటి దిగిపోతూ డిస్కులన్నీ ఆపేస్తే రెండోదాని గతేమిటి? ఆ కోణంలో సున్నా సబబే. కానీ మన ఉదాహరణలో డిస్కులు ఒక్క సర్వర్‌వే కాబట్టి, 8 డిస్కులకీ 1 రాయండి. చేత్తో ఎస్‌జీ స్టార్ట్ కమాండ్‌కి స్టాప్ ఆప్షన్ పెట్టి ఆపడం కన్నా ఇదే మంచి దారి. చేత్తో ఆపితే, డిస్కుని తీసేటప్పుడు కెర్నల్ మళ్లీ ఫ్లష్ పంపి దాన్ని లేపే ప్రమాదం ఉంది. అనుమతి ఇస్తే ఫ్లష్, ఆ వెంటనే స్టాప్ సరైన వరసలో కెర్నలే పంపుతుంది.

ఇప్పుడు ఒక్కో డిస్కునీ తీయండి. సిస్ బ్లాక్ కింద డిస్కు పేరు, అందులో డివైస్, అందులో డిలీట్ అన్న ఫైలు. దానిలో 1 ఎకో చేయాలి. ఈ ఫైలు మౌంట్ అయి ఉందా అని అడగదు. వాడుకలో ఉన్న డిస్కు పేరు పొరపాటున కొడితే అక్కడికక్కడే ఊడిపోతుంది. కొట్టే ముందు పేరు మరోసారి చూసుకోండి.

డీమెసేజ్‌లో రెండు లైన్లు రావాలి: సింక్రొనైజింగ్ స్కజీ క్యాష్, తర్వాత స్టాపింగ్ డిస్క్. రెండూ వచ్చి, ఫెయిల్డ్ అన్న మాట లేకపోతే తర్వాతి డిస్కుకి వెళ్లండి. ఒకటే వస్తే అనుమతి ఫైలు చూడండి. మదర్‌బోర్డు సాటా పోర్టుల మీదున్న డిస్కుల విషయంలో స్టాప్ ఎవరు పంపాలన్నది కెర్నల్ వెర్షన్లలో మారుతూ వచ్చింది. అక్కడ ఊహ మీద ఆధారపడకుండా ఈ లైన్లే చూసుకోండి.

ఇదంతా ఎందుకు, డ్రైవర్ దించితే కెర్నలే అన్నిటినీ తీస్తుంది కదా అంటే, తీస్తుంది. కానీ 8 డిస్కుల మెసేజ్‌లు కలగలిసి వస్తాయి, మూడో డిస్కు మొండికేస్తే మిగతావి దాని వెనక నిలబడతాయి. విడివిడిగా తీస్తే చిక్కు ఏ డిస్కుదో వెంటనే తెలుస్తుంది, అప్పటికి డ్రైవర్ ఇంకా చేతిలోనే ఉంటుంది.

సింక్రొనైజ్ క్యాష్ ఫెయిల్డ్ అని వచ్చి పక్కన డిఐడీ నో కనెక్ట్ లేదా బ్యాడ్ టార్గెట్ అనుంటే, ఆదేశం డిస్కుదాకా వెళ్లనే లేదు. కేబులో, ఎక్స్‌పాండరో (కార్డు పోర్టులను ఎక్కువ డిస్కులకు పంచే చిప్) ముందే తెగిపోయింది. అక్కడితో ఆగి, స్కజీ హోస్ట్ స్కాన్ ఫైల్లో మూడు మైనస్‌లు రాసి డిస్కుని తిరిగి రప్పించి, మళ్లీ ప్రయత్నించండి.

డ్రైవర్ దించడం

డిస్కులన్నీ పోయాక మోడ్‌ప్రోబ్ మైనస్ ఆర్, పక్కన ఎంపీటీ3శాస్. మాడ్యూల్ వాడుకలో ఉందని వస్తే సంతోషించండి, ఎక్కడో ఒక మౌంటో, తెరిచి ఉన్న డివైసో మిగిలింది, కెర్నల్ మిమ్మల్ని కాపాడింది. ఆర్‌ఎంమాడ్‌కి మైనస్ ఎఫ్ పెట్టి బలవంతం చేయకండి.

రెండు కార్డుల్లో ఒకదాన్నే వదిలించాలంటే సిస్ బస్ పీసీఐ డ్రైవర్స్ కింద ఆ డ్రైవర్ ఫోల్డరులో అన్‌బైండ్ అన్న ఫైలు ఉంది, దాంట్లో ఇందాక రాసుకున్న పీసీఐ అడ్రస్ రాయాలి. మాడ్యూల్ దించేటప్పుడు ఉండే వాడుక లెక్క కాపలా అన్‌బైండ్‌కి లేదు, పీసీఐ రిమూవ్ ఫైలుకీ లేదు. మాడ్యూల్ దిగనంటోందని అన్‌బైండ్ చేసేవాళ్లు నడుస్తున్న ఫైల్‌సిస్టమ్ కింద నుంచి డిస్కుని లాగేస్తున్నారన్నమాట.

డిస్కు చేతికి తీయాలంటే స్టాపింగ్ డిస్క్ వచ్చాక 30 సెకన్లు ఆగండి. లాచ్ తీసి ట్రేని ఒక అంగుళం ముందుకు లాగి, కనెక్టర్ విడిచాక మరి కొన్ని సెకన్లకు పూర్తిగా తీయండి.

ఎన్‌వీఎంఈ, హార్డ్‌వేర్ రైడ్

ఎన్‌వీఎంఈలో ఎస్‌డీ డ్రైవర్ ఉండదు, కాబట్టి పైన చెప్పిన ఫైళ్లేవీ కనబడవు. అన్‌మౌంట్ అయ్యాక పీసీఐ రిమూవ్ చేస్తే, ఎన్‌వీఎంఈ డ్రైవరే కంట్రోలర్ రిజిస్టరులో షట్‌డౌన్ బిట్లు పెట్టి, పూర్తయిందని డిస్కు చెప్పేదాకా ఎదురుచూస్తుంది. ఎంతసేపన్నది డిస్కు తన గురించి చెప్పుకున్న సమయాన్ని బట్టి ఉంటుంది, కనీసం 5 సెకన్లు. షట్‌డౌన్ ఇన్‌కంప్లీట్ అన్న లైను వస్తే డిస్కు పని ముగించలేదు, వెంటనే కరెంటు తీయకండి. ఇంటెల్ వీఎండీ (ఎన్‌వీఎంఈలను ఒక గుంపుగా నడిపే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే వీఎండీ డ్రైవర్‌ని ముట్టుకోవద్దు. దాన్ని దించితే దాని వెనకున్న ఎన్‌వీఎంఈలన్నీ ఒక్కసారే పోతాయి.

రైడ్ పని తామే చేసే మెగారైడ్ లాంటి కార్డుల్లో మధ్యలో కార్డు సొంత క్యాష్ ఒకటి ఉంటుంది. దించేటప్పుడు మెగారైడ్ శాస్ డ్రైవర్ కార్డుకి క్యాష్ ఫ్లష్, షట్‌డౌన్ రెండూ పంపుతుంది. అయినా అంతకుముందే స్టోర్‌సీఎల్‌ఐతో ఫ్లష్‌క్యాష్ ఒకసారి కొట్టడం మంచిది, బ్యాటరీ పాడైన కార్డయితే తప్పనిసరి. అక్కడ కెర్నల్‌కి కనబడేది వర్చువల్ డిస్కు. దానికి స్టాప్ పంపి అసలు డిస్కులు ఆగాయనుకోకూడదు.

యూఎస్‌బీ డిస్కుకి ఇంత తతంగం అక్కర్లేదు. క్యాష్ టైప్ సరిచూసుకుని, యూడిస్క్స్ నడుస్తున్న చోట యూడిస్క్స్‌సీటీఎల్ అన్‌మౌంట్, తర్వాత పవర్-ఆఫ్ అంటే చాలు.

ఇరుక్కుపోతే

కమాండ్ కదలకుండా డీ స్థితిలో (డిస్కు జవాబు కోసం ఎదురుచూస్తూ) ఉండిపోతే కంగారు పడకండి. స్కజీ డిస్కుకి మామూలు గడువు 30 సెకన్లు, ఫ్లష్‌కి దానికి రెట్టింపు. విఫలమైతే మళ్లీ ప్రయత్నాలు, మధ్యలో ఎర్రర్ రికవరీ. చావుబతుకుల్లో ఉన్న ఒక్క డిస్కు కొన్ని నిమిషాలు తినేయగలదు. 120 సెకన్లకు వచ్చే హంగ్ టాస్క్ మెసేజ్ హెచ్చరిక మాత్రమే. ఆ ప్రాసెస్ స్టాక్ ఫైలు చదివితే ఫ్లష్ దగ్గర ఆగిందా, ఇంకెక్కడన్నానా అన్నది తెలుస్తుంది.

కార్డు ఫర్మ్‌వేరే పడిపోయి ఇక లాభం లేదని తేలితే, పవర్ బటన్ వైపు పోకండి. డిస్కులకు కరెంటు ఉన్నంతసేపూ తమ క్యాష్‌లో ఉన్నది అవే రాసుకుంటాయి. ఒక నిమిషం వదిలేసి, సిస్‌ఆర్‌క్యూ (కెర్నల్‌కి నేరుగా ఆదేశమిచ్చే కీ) ఎస్, యూ, బీ వరసలో వామ్ రీబూట్ చేయండి. రీబూట్‌లో సాధారణంగా డిస్కులకు కరెంటు తెగదు.

డ్రైవర్ రాసేవాళ్లకు

సొంత హోస్ట్ డ్రైవర్ రాస్తున్నట్టయితే, రిమూవ్ ఫంక్షన్‌లో మొట్టమొదటి పని స్కజీ రిమూవ్ హోస్ట్ పిలవడం. ఎస్‌డీ పంపే ఫ్లష్, స్టాప్ వచ్చేది ఆ పిలుపులోనే. అప్పటికి ఇంటరప్టులు, క్యూలు, డీఎంఏ అన్నీ పనిచేస్తూ ఉండాలి. ముందే ఇంటరప్టు ఆపేసినా, దిగిపోతున్నాను అన్న ఫ్లాగ్ పెట్టి క్యూకమాండ్‌లో నో కనెక్ట్ తిప్పికొట్టినా, మీ డ్రైవర్ చక్కగా దిగిపోతుంది, డిస్కులకు మాత్రం ఏ ఆదేశమూ అందదు. హార్డ్‌వేర్ ఆపడం, మెమరీ విడుదల, చివరికి హోస్ట్ పుట్ అన్నీ ఆ తర్వాతే.

షట్‌డౌన్ కాల్‌బ్యాక్ దీనికి వేరు. అక్కడ కెర్నల్ పిల్ల డివైసులను ముందు ఆపుకుంటూ వస్తుంది కాబట్టి, మీ వంతు వచ్చేసరికి ఎస్‌డీ పని అయిపోయి ఉంటుంది. రీబూట్‌లో, కెఎగ్జెక్‌లో (నేరుగా కొత్త కెర్నల్‌లోకి దూకేటప్పుడు) ఫ్లష్ మాత్రమే వెళ్తుంది, స్టాప్ వెళ్లదు. దాన్ని బగ్ అనుకోకండి.

తిరిగి ఎక్కించాక

మోడ్‌ప్రోబ్ చేశాక డిస్కులు ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి, ఒక నిమిషం ఇవ్వండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు తారుమారు కావచ్చు, మౌంట్‌కి యూయూఐడీనే వాడండి. ఎండీ కాన్ఫిగ్‌లో చేర్చిన ఆటో లైను ముందు తీసేయండి. రైడ్ లేపాక ఎండీస్టాట్‌లో రీసింక్ కనబడకూడదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ మౌంట్ చేయగానే డీమెసేజ్‌లో ఎండింగ్ క్లీన్ మౌంట్ అని రావాలి. స్టార్టింగ్ రికవరీ అని వస్తే జర్నల్‌లో రాసి ఉన్న మార్పులను మళ్లీ అమలు చేస్తోందన్నమాట. అది దానంతటదే కోలుకుంటుంది, కానీ అన్‌మౌంట్ మెట్టు దగ్గర ఏదో తప్పిందని గుర్తు. మౌంట్ కాకపోతే ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్‌కి పెద్ద ఎల్ ఆప్షన్ వెంటనే పెట్టకండి, అది జర్నల్‌ని చెరిపేస్తుంది.

దాచిన కౌంటర్లతో పోల్చి చూడండి. డిస్కుకి కరెంటు తీసి మళ్లీ ఇచ్చి ఉంటే పవర్ సైకిల్ పెరగడం మామూలే, 192 మాత్రం పెరగకూడదు. అయితే కొన్ని కంపెనీలు మామూలుగా ఆగినా దీన్ని పెంచుతాయి, ఒకే మోడల్ డిస్కులను పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది. ఆపిన స్మార్ట్‌డీ, ఏజెంట్లు మళ్లీ నడపండి. కొత్త డ్రైవర్ వేసి ఉంటే డ్రాకట్‌తోనో, అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌తోనో బూట్ ఇమేజ్ మళ్లీ తయారు చేయండి. లేదంటే పాత డ్రైవర్ ఆ ఇమేజ్‌లోనే కూర్చుని వచ్చే రీబూట్‌కి తిరిగొస్తుంది.